నర్సమ్మ గారి కిరసనాయిలు ఫ్రిజ్జు

మా నర్సమ్మ గారు పోయారని బందరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. అక్కడ తన తమ్ముడి ఇంట్లో నిద్రలోనే పోయారట. కొట్లో ఉప్పు తూస్తున్న నేను తూకం ఆపి, సామాన్ల కోసం వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మరి దీపం ఎవరు చూస్తారు?" అంది.

కోడూరు పక్కన ఉన్న మా పల్లెకు ఎప్పుడూ రానివారికి ఆ ప్రశ్న అర్థం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. రోజువారీ చిట్టా తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు.

ఆవిడ పురుళ్ళు పోయడానికి, సూదులు వేయడానికి మా ఊరు వచ్చేనాటికి ఇక్కడ కరెంటు లేదు. బందరులో ఒక దొరసాని డాక్టరు గారు స్వదేశం వెళ్ళిపోతూ, తన వంటింట్లో ఏళ్ళ తరబడి వాడిన కిరసనాయిలు ఫ్రిజ్జును ఆవిడకు ఇచ్చారు. దాన్ని కాలవ మీద పడవలో తెచ్చి, రేవు నుంచి ఎడ్లబండి ఎక్కించారు. పడుకోబెడితే పాడవుతుందని నిలబెట్టే తెచ్చారు. ఆవిడ కూడా దాన్ని పట్టుకుని బండిలో నిలబడ్డారు.

"పెళ్ళికూతుర్నైనా ఇంత పదిలంగా దింపలేదమ్మా," అన్నాడు బండివాడు.

"పెళ్ళికూతురైతే కూర్చుంటుంది నాయనా. ఇది కూర్చోదు," అన్నారు ఆవిడ.

తెల్లగా మనిషెత్తున ఉండేది. తలుపు జానెడు మందం. మూస్తే బరువుగా, మెత్తగా ఒక్క చప్పుడు చేసేది. అడుగున కిరసనాయిలు తొట్టి, దానికో వత్తి. కింద దీపం వెలుగుతుంటే పైన నీళ్ళు గడ్డకట్టేవి. నేను చూసిన వింతల్లో అంతటిది మరొకటి లేదు. ఆ కిరసనాయిలు నా కొట్టు నుంచే వెళ్ళేది. మా ఇంట్లో లాంతరులో పోసేదీ అదే. అక్కడ అది మసి అయ్యేది, ఇక్కడ మంచు అయ్యేది.

"మంట పెడితే మంచు ఎట్టా అవుద్దమ్మా?" అని అడిగాను ఒకసారి.

"నాకూ పూర్తిగా తెలీదు బాబాయి గారూ. లోపల గొట్టాల్లో ఏదో మందు తిరుగుద్దంట. వత్తి తిన్నగా కత్తిరించడం వరకే నా పని. మిగతాది అదే చూసుకుంటుంది."

తెల్లవారగానే ప్రార్థన చేసుకుని, చిన్న కత్తెరతో వత్తి సరిచేసేవారు. ఫ్రిజ్జు కింద నేల మీద ఒక చేతి అద్దం పెట్టి, వంగకుండా అందులోనే మంట చూసేవారు. నీలంగా ఉంటే తల ఊపి, కాఫీ పెట్టుకునేవారు. ఊరి ఆడవాళ్ళు వచ్చి, "ఒక్కసారి తలుపు తియ్యండమ్మా, చూసిపోతాం," అనేవారు. "చూపులకి కరిగిపోద్ది," అని నవ్వి పంపేసేవారు. జ్వరంతో పేలిపోతున్న బిడ్డ నుదుటి మీదికైతే అడక్కుండానే ఐసు ముక్క తెచ్చిచ్చేవారు. ఆ పై అర ఐసుది. దాని కింద పాము కాటుకు వేసే మందు సీసాలు ఉండేవి. మా వరిచేలల్లో పాములెక్కువ. మందు వేడెక్కితే పనికిరాదని ఆవిడ భయం. అవనిగడ్డ దాకా వెళ్ళి తెచ్చేలోపు మనిషి దక్కడు.

ఎండాకాలం పడమటి గాలి తిరిగితే మా ఊళ్ళో పొద్దెక్కేలోపు వంటలు ముగించి, పొయ్యిలన్నీ ఆర్పేయాలి. తలారి డప్పు వేసి మరీ చెప్పేవాడు. అన్నీ తాటాకు ఇళ్ళు. ఒక్క నిప్పురవ్వకు ఒక వీధి మొత్తం బూడిదైన ఊరు మాది.

ఫ్రిజ్జు వచ్చాక మొదటిసారి అలా గాలి తిరిగిన రోజున నర్సమ్మ గారు పురుడు పోయడానికి పక్క ఊరు వెళ్ళారు. డప్పు విని, పక్కింటి మామ్మ ఎప్పటిలాగే ఆవిడ పొయ్యి మీద నీళ్ళు చల్లింది. ఫ్రిజ్జు కింద దీపాన్ని కూడా ఊదేసింది. మధ్యాహ్నం ఆవిడ తిరిగొచ్చి అద్దంలో చూస్తే చీకటి.

"ఆర్పేశావా మామ్మా?"

"ఊరంతా ఆర్పితే మనింట్లో ఉంచుతానా తల్లీ? అందరి కొంపలూ అంటుకోవా?"

వెలిగించడానికి వీల్లేదు, తెరిచి చూడటానికి ధైర్యం లేదు. ఆవిడ ఫ్రిజ్జు తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు. కాసేపటికి గడ్డివామి దగ్గర పాము కరిచిందని ఒక పిల్లల తల్లిని మంచం మీద మోసుకొచ్చారు. కబురు విని ఊరి కట్టుబాట్లు చూసే మునసబు గారు వచ్చారు, నేనూ వెళ్ళాను.

అప్పుడు తీశారు తలుపు. సీసా అందుకుని చెంపకు ఆనించుకున్నారు. కళ్ళు మూసుకుని, "చల్లగానే ఉంది," అన్నారు. బయట కాకులు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. పొద్దుటి నుంచి దీపం లేని ఆ పెట్టెలో ఐసు అంచులు మాత్రమే కరిగాయి. దాన్ని తయారుచేసిన చేతులు ఎవరివో గానీ, మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ సూది వేశారు. ఆ పిల్లల తల్లి బతికింది.

సాయంత్రం నర్సమ్మ గారే అన్నారు: "మునసబు గారూ, మీ కట్టుబాటు తప్పని నేననను. నాదీ తాటాకు ఇల్లే. కానీ రేపు కూడా ఆర్పితే ఈ చల్లదనం నిలవదండీ."

దానికాయన, "ఊరి మొత్తానికి ఆ ఒక్క నిప్పు ఉండనిద్దాం. కాపలా మనమే కాద్దాం," అన్నారు.

ఆనాటి నుంచి గాలి తిరిగిన ప్రతి మధ్యాహ్నం, వంతుల ప్రకారం ఇద్దరు మగవాళ్ళు తడి గోనెసంచులు, ఇసుక పెట్టుకుని ఆవిడ వాకిట్లో కూర్చునేవారు. నా వంతు నేనూ కూర్చున్నాను. "మంచుకి కాపలా కాసే మొగుళ్ళు" అని మా ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

తర్వాత కరెంటు వచ్చింది. గుడివాడలో ఉండే ఆవిడ తమ్ముడి కొడుకు కొత్త ఫ్రిజ్జు కొనిస్తానన్నాడు. "గాలివానకి తీగలు తెగితే అది మనతోపాటే చెమటలు కక్కుద్దిరా," అన్నారు ఆవిడ. ఉప్పెనకి ఉప్పునీళ్ళు ఇంట్లోకి వచ్చిన ఏడు కూడా పాతది తుడిచి, ఆరబెట్టి, వెలిగిస్తే మళ్ళీ గడ్డకట్టింది. తెలుపు పసుపెక్కింది. పిడి నునుపు పోయింది. తలుపు చప్పుడు మాత్రం మారలేదు.

బందరులో మట్టి వేసి తిరిగొచ్చిన మర్నాడు పడమటి గాలి తిరిగింది. ఎవరూ పిలవకుండానే మేము గోనెసంచులు తడిపి ఆవిడ వాకిట్లో చేరాం. ఆవిడ స్థానంలో చల్లపల్లి నుంచి వచ్చిన కొత్త నర్సు, చిన్నపిల్ల, ముందురోజే వత్తి కత్తిరించి వెలిగించిందట. మందు చూడాలని మా ముందే తలుపు తీసింది. వడగాలికి కళ్ళు మండుతున్నాయి. లోపలి చల్లదనం నేల మీదుగా మెల్లగా జారి, గడప దాటి, మా పాదాల మీదికి వచ్చింది. ఎవరమూ కాళ్ళు కదపలేదు.