నేను తల అడ్డంగా ఊపని రోజు

సహోదరులారా, సహోదరీలారా, నాకు పట్టిన రోగానికి మా దవాఖానలో మందు లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా మొయినాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో కాంపౌండరుగా ఉన్నాను, ఎందరి పుండ్లకో కట్లు కట్టాను, కానీ నా లోపల చీము పట్టిన అసూయ ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చేదాకా నాకే తెలియలేదు. అది దాచకుండా చెప్పడానికే ఈ చేవెళ్ల సంఘం ముందు నిలబడ్డాను.

నేను ఏడో తరగతి దాటలేదు. మా డాక్టరు గారు పక్కన పడేసిన పాత వైద్య పుస్తకాలు తెచ్చుకొని, నిఘంటువు ఒళ్లో పెట్టుకొని ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాను. నాకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు! చిల్కూరు నుండి జన్వాడ దాకా ఎవరికి ఏ మందు పడదో నా తలలోనే ఉండేది, కాగితం మీద ఎక్కడా లేదు. డాక్టరు గారి బల్ల పక్కన ఇనుప స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన మందు రాయబోతూ నా వైపు చూసేవారు, పడని మందైతే నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఆయన కొట్టేసి వేరేది రాసేవారు. ఆ తల ఊపడమే నా డిగ్రీ అనుకున్నాను!

నిరుడు పట్నం కాలేజీ నుండి నవ్య అనే డాక్టరమ్మాయి శిక్షణ కోసం వచ్చింది. డాక్టరు గారు నా స్టూలు ఆమెకిచ్చి, నన్ను చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చోమన్నారు. ఊరంతా నన్ను సారూ అంటుంటే ఆమె వచ్చిన రోజే, "తాతా, జర ఆ దూది డబ్బా అందిస్తవా?" అన్నది. నేను సూదికి చెయ్యి చాపితే డాక్టరు గారు, "ఆమెను వెయ్యనియ్యి, నేర్చుకోవాలె గద" అనేవారు. నెల తిరగకముందే జనం నా కిటికీలో తల పెట్టి, నా ముఖం మీదే, "చిన్న డాక్టరమ్మ ఉన్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను ఇన్నేళ్లు కష్టపడి సంపాదించింది ఆ పిల్ల నాలుగు వారాల్లో పట్టుకుపోయిందని కడుపు రగిలిపోయింది!

ఒక రోజు ఆమే వచ్చి, "తాతా, ఎవరికి ఏ మందు పడదో నీకే ఎరుకంట గద, జర చెప్పు, రాసుకుంట" అని పుస్తకం తెరిచింది.

"గంత సదువు సదివినవ్, నాకేం ఎరుక బిడ్డా" అన్నాను. అబద్ధమాడాను, సహోదరులారా! బైబిలు చేతిలో పట్టుకొని తిరిగే ఈ మనిషి అబద్ధమాడాడు.

మా దవాఖాన తలుపులు తీసే ముందు రోజూ ప్రార్థన చేసేది నేనే. "ప్రభువా, ఈ గడప తొక్కినోళ్లు తమ కాళ్ల మీదనే ఇంటికి పోవాలె" అని, ఏళ్ల తరబడి అదే మాట. ఆ సోమవారం కూడా అదే చెప్పి కిటికీ దగ్గర కూర్చున్నాను. డాక్టరు గారు పని మీద చేవెళ్ల వెళ్లారు. చిల్కూరులో కొత్తిమీర పండించే సాయమ్మ నడుము పట్టుకొని వచ్చింది. పన్నెండేళ్ల కింద నొప్పి సూది వేస్తే ఆమె ముఖం ఉబ్బి, గొంతు మూసుకుపోయి చావు దాకా పోయింది. అది ఆ సూది పడకనే అని నాకూ డాక్టరు గారికీ తప్ప ఎవరికీ, ఆమెకు కూడా తెలియదు.

"అవ్వా, నీకు ఏ మందన్న పడదా?" అని నవ్య అడగనే అడిగింది.

"అన్నీ పడ్తయ్ బిడ్డా, రాళ్లు తిన్నా అరుగుతయ్" అని సాయమ్మ నవ్వింది.

నవ్య నొప్పి సూది నింపుతున్నది. నేను చూశాను. తల ఊపలేదు. ఇవాళ తెలుస్తుందిలే నీ చదువెంతో అనుకొని లేచి, ఆటోల అడ్డా దగ్గరికి చాయ్ తాగడానికి పోయాను!

గ్లాసు నోటి దాకా వచ్చింది, అప్పుడు నా ప్రార్థనే నా చెవిలో వినబడింది. తమ కాళ్ల మీదనే ఇంటికి పోవాలె! గ్లాసు పడేసి ఉరికాను. "ఏంది సారూ, కుక్క ఎంటబడ్డదా?" అని ఆటోవాళ్లు నవ్వారు. "యేసయ్యా, నా మీద కోపం ఆమె మీద తీయకు" అని ఏడ్చుకుంటూ ఉరికాను.

నేను వెళ్లేసరికి సూది వేయడం అయిపోయింది, సాయమ్మ పెదవులు ఉబ్బుతున్నాయి. "బిడ్డా, ఆమెకు గా సూది పడదు! గొంతు మూస్కపోతది!" అని అరిచాను. నవ్య ఒక్క క్షణం కూడా నా ముఖం చూడలేదు. ప్రాణం నిలిపే మందు తీసి తొడకు వేసింది. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. అంబులెన్సు వచ్చేసరికి సాయమ్మ ఊపిరి తిరిగింది. దేవునికే మహిమ!

ఆ సాయంత్రమే డాక్టరు గారి ముందు, నవ్య ముందు నాకు ముందే తెలుసని ఒప్పుకున్నాను. మూడో రోజు సాయమ్మ ఇంటికి పోయి ఆమె ముందూ ఒప్పుకున్నాను. ఆమె అడిగిన మాట నన్ను విరగ్గొట్టింది: "మరి పన్నెండేండ్ల సంది నాకెందుకు చెప్పలే సారూ? ఒళ్లు నాదే గద!"

నిజమే! నేను గొప్పవాణ్ణిగా ఉండాలని ఆమె ఒంటి సంగతి ఆమెకే చెప్పలేదు. మరునాటి నుండి నవ్య పక్కన కూర్చుని నా తలలో ఉన్నదంతా చెప్పాను, ఆమె ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ రాసింది, ఆ చీటీలు నేనే ఊరూరు తిరిగి ఇచ్చి వచ్చాను. ఆమె శిక్షణ ముగిసి వెళ్లిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఇంకో అబ్బాయి వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. చూస్తే నా కడుపులో ఇంకా చురుక్కుమంటుంది, ఎందుకు దాచాలి? అప్పుడు లోపలికి పోయి, "తాతను వచ్చిన, ఏమన్న అడుగు బిడ్డా" అంటాను.

మీలో ఎవరి గుండెలోనైనా పక్కవాడికి చెప్పకుండా బిగబట్టుకున్నది ఏదైనా ఉంటే, ఈ రోజే ప్రభువు దగ్గర విప్పండి. ఆయన నన్ను చాయ్ గ్లాసు దగ్గరి నుండి వెనక్కి పిలిచాడు, మిమ్మల్నీ పిలుస్తాడు. మొన్న సాయమ్మ వచ్చింది, తన కాళ్ల మీదనే. నేను చీటీ రాయకముందే కిటికీలో తల పెట్టి గట్టిగా అన్నది: "నాకు నొప్పి సూది పడదు, రాస్కో సారూ!"

రాసుకున్నాను. స్తోత్రం!