మా తరఫున అడిగిన సుగుణ గారు

సుగుణ గారు కన్నుమూసి నేటికి పన్నెండు రోజులు. ఆ మంగళవారం ఉదయం ఆమె కుమార్తె స్నేహ ఫోన్ చేసింది. ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, అమ్మ..." అని ఆగి, ఆ మాట తెలుగులో ఎలా అంటారో వెతుక్కుని, "అమ్మ అయిపోయింది" అంది. మెదడులో రక్తనాళం చిట్లి రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారట. ఆ రెండు రోజులూ నాకు తెలియదు. "సరే అమ్మా, వస్తున్నాను" అన్నాను. చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకున్నాను. కారు తీశాను. ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగాను. దిగ్భ్రాంతి కలిగితే కాళ్ళూ చేతులూ ఆడవని చదివాను. నా కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉన్నాయి. లోపల మరేదో ఆగిపోయింది. అది ఇంకా కదలలేదు.

ఈ పత్రిక చదివే స్త్రీలలో చాలామంది ఆమెను ఎరుగుదురు. అయితే తలకిందులుగా ఎరుగుదురు. ప్లేనోలో కిరాణా దుకాణం పక్కనున్న సెలూన్‌లో కుర్చీ వెనక్కి వాల్చుకుని, కళ్ళు మూసుకునే ముందు మీ మీదికి వంగిన ఒక ముఖాన్ని చూసి ఉంటారు. పళ్ళ మధ్య తెల్లదారం, నుదుట పెద్ద బొట్టు, "చర్మం గట్టిగ పట్టుకో బిడ్డా, చీమ కుట్టినట్టే ఉంటది" అనే మాట. ఆమే సుగుణ గారు. పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ, పిల్లల అరంగేట్రాలకూ మీ కనుబొమ్మలు తీర్చి పంపిన మనిషి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పాతికేళ్ళ కిందట భర్తతో వచ్చారు. స్నేహకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన పోయారు. ఆ తరువాత పదకొండేళ్ళు ఆమె ఆ సెలూన్‌లోనే నిలబడి గడిపారు. వయసు యాభై మూడు.

ఆమె సంగతి అర్థం కావడానికి నా సంగతి రెండు మాటలు చెప్పాలి. మా తాతగారు తూర్పు తీరాన ఒక చిన్న ఎస్టేటుకు చివరి జమీందారు. ఎస్టేటు పోయింది, మేడ పోయింది. నా భర్త ఇక్కడ నడిపిన వ్యాపారం పోయింది, ఆ వెనుకనే ఆయనా పోయారు. మా ఇంట ఆడది జీతానికి పనిచేసిన దాఖలా లేదు. యాభై ఆరో ఏట నేను ఆ సెలూన్ గుమ్మం ఎక్కాను.

ఐబ్రోస్ తీయడం నేర్చుకునేవాళ్ళు ముందు తమ కాలి మీదే దారం ఆడించి సాధన చేస్తారు. పదిమంది తిరిగే చోట చీర పైకి ఎత్తనని నేను భీష్మించాను. సుగుణ గారు వాదించలేదు. తన సల్వారు మోకాలి దాకా లాక్కుని, కాలు తెచ్చి నా ముందు స్టూలు మీద పెట్టారు.

"నా కాలు మీద నేర్చుకో. దొరసానమ్మ సిగ్గు దొరసానమ్మకే ఉండనీ. ఇది పొలంల ముండ్లు తొక్కిన కాలు. దీనికేమైతది?"

మూడు వారాలు ఆ కాలి మీద నేర్చుకున్నాను. కందిపోయి ఎర్రబడేది. ఒకనాడు రక్తం కూడా చిమ్మింది. "మంచిగొస్తున్నది అక్కా. ఇంకో రెండు దినాలైతె దీని మీద వెంట్రుక ఉండదు, వేరే కాలు దేవులాడుకో" అన్నారు. నేను ఆమెను ఎప్పుడూ సుగుణ గారనే పిలిచాను. "గారు ఏందక్కా, నేనేమన్న తహసీల్దారునా?" అని నవ్వేవారు. నేను మానలేదు. నా దగ్గర ఇవ్వడానికి అది తప్ప మరేమీ లేదు.

చేరిన రోజున సెలూన్ యజమానురాలు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్ళం. నేను ఉద్యోగిని కాననీ, స్వతంత్ర కాంట్రాక్టర్‌ననీ ఆ కాగితంలో ఉంది. మిగిలినవాళ్ళు అటువంటి కాగితం మీదే చదవకుండా సంతకం పెట్టారట. నేను చదివాను. స్వతంత్ర అన్న మాట నాకు నచ్చింది. చుట్టాలెవరైనా అడిగితే, ఎవరి కిందా పనిచేయడం లేదని చెప్పుకోవడానికి వీలయింది.

మా స్వాతంత్ర్యం ఎలాంటిదో చెబుతాను. ఎవరు ఏ రోజు ఎన్నింటికి రావాలో ప్రతి ఆదివారం మేడమ్ వాట్సాప్ గ్రూపులో పంపేవారు. నల్ల ఏప్రన్ ఆమెది, దారం ఆమెది, రేటు ఆమె పెట్టినది. మా ఫోన్లు డ్రాయర్‌లో ఉండాలి. ఇంట్లో ఒక్క కస్టమర్‌కి చేసినట్టు తెలిసినా మాన్పించేస్తానన్నారు. అన్నం తినాలంటే ఆమెను అడగాలి. నేను అడగలేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళతో ఉండేదాన్ని. నాలుగో రోజున సుగుణ గారు కనిపెట్టారు. అప్పటి నుంచి ఒంటిగంట కాగానే మేడమ్ గది తలుపు దగ్గర నిలబడేవారు.

"మేడమ్, నాకూ అక్కకూ అన్నం టైం. పదిహేను నిమిషాలు."

"కస్టమర్లు వెయిట్ చేస్తున్నారు సుగుణా."

"కస్టమర్లు ఎప్పటికుంటరు మేడమ్. ఆకలైతె ఒంటిగంటకే అయితది."

మూడేళ్ళలో ఆమె నా కోసం అడగని రోజు లేదు. "అడిగితె నోరు అరగదు అక్కా" అనేవారు. నేను విననట్టు డబ్బా మూత తీసేదాన్ని.

ఒకసారి ఒక తల్లి పన్నెండేళ్ళ కూతుర్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్ల రెండు చేతులతో కనుబొమ్మలు కప్పుకుని ఏడుస్తోంది. "పిల్ల వద్దంటున్నది. నేను చెయ్య" అని సుగుణ గారు దారం కింద పెట్టేశారు. చేయమని మేడమ్ చెప్పారు. మళ్ళీ చెప్పారు. ఆమె కదలలేదు. రెండు రోజులు పనిలోకి రావద్దని ఇంటికి పంపారు. ఏప్రన్ విప్పుతూ ఆమె నా చెవిలో అన్నారు: "స్వతంత్రం అని రాసిచ్చిన్రు గద అక్కా. ఇంటికి పంపే స్వతంత్రం మాత్రం ఆమె కాడనే పెట్టుకున్నది."

నిరుటి వేసవిలో ఒక శుక్రవారం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. షాపు రినొవేషన్, సోమవారం నుంచి ఎవరూ రావద్దు. రెండు వారాలకు షాపు తెరిచారు, కొత్త అమ్మాయిలతో. మేము ఆరుగురం ఇళ్ళల్లో ఉన్నాం. కాంట్రాక్టర్లకు నిరుద్యోగ భృతి రాదని మాకు అందరికీ తెలుసు. ఆ సంగతి మాకు చెప్పినది కూడా మేడమే.

సుగుణ గారు స్నేహను వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళి, అక్కడి కంప్యూటర్‌లో రాష్ట్రం వారు భృతి గురించి రాసినదంతా చదివించుకున్నారు. అటు నుంచి అటే మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టారు.

"అక్కా, కాగితం మీద ఏం రాసిన్రో గాదంట. పని ఎట్ల చేయించిన్రో చూస్తరంట!"

ఎవరి మాట మీద వచ్చాం, ఎవరి మాట మీద ఇంటికి పోయాం, ఎవరి సామాను వాడాం, ఇవన్నీ విచారిస్తారట. నిజానికి ఉద్యోగులమేనని తేలితే భృతి వస్తుందట.

"నేను దానం పుచ్చుకోను" అన్నాను.

"దానం ఏంది? మనల్ని ఉద్యోగస్తులని రాసుకుంటె మేడమ్ ఈ భృతి ఇచ్చే ఇన్సూరెన్సుకు పన్ను కట్టాలె. అది తప్పిచ్చుకోనికే మనకు స్వతంత్రం ఇచ్చింది. సరే, నువ్వు అర్జీ పెట్టకు. నేను పెడ్త. నా ఒక్కదాని మీద తేలితె ఆరుగురికీ తొవ్వ పడ్తది. నువ్వు ఉన్నది ఉన్నట్టు సాక్ష్యం చెప్పు, చాలు."

అర్జీకి జవాబు వచ్చింది. ఆమె పేరిట ఏ యజమానీ జీతం చూపలేదు కనుక ఏమీ రాదన్నారు. ఆమె అప్పీలు చేశారు. విచారణ ఫోనులోనే. మిగిలిన నలుగురూ వేరే సెలూన్లలో చేరిపోయి, పేరు బయటపడుతుందని జడిశారు. నేనొక్కదాన్నే సాక్షిని.

ఆ రోజు సుగుణ గారి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. మధ్యలో ఫోను. మేడమ్ కూడా లైనులో ఉన్నారు. విచారణాధికారి మర్యాదగా మాట్లాడారు. దుబాసీ కావాలా అని అడిగారు. నాకు అక్కరలేదన్నాను.

"మీరు ఎన్నింటికి రావాలో ఎవరు చెప్పేవారు?"

"నా వేళ నాకు తెలుసు. ఒకరు చెప్పవలసిన అవసరం రాలేదు."

"ఆలస్యంగా వస్తే ఏం జరిగేది?"

"నేను ఎన్నడూ ఆలస్యంగా వెళ్ళలేదు."

"భోజనానికి వెళ్ళడానికి అనుమతి అడిగేవారా?"

"నా జన్మలో ఎవరినీ అనుమతి అడగలేదు."

"అయితే మీరు ఆమె కింద పనిచేయలేదా?"

"నేను ఎవరి కిందా పనిచేయలేదు."

తన వైపు నుంచి నన్ను అడగవలసినవి ఏమీ లేవని మేడమ్ చెప్పారు. ఎందుకుంటాయి? ఆ జవాబుల్లో అబద్ధం ఫలానా చోట ఉందని నేను ఇవాళ్టికీ విడదీసి చూపలేను. అన్నీ కలిపితే అబద్ధం.

ఫోను పెట్టేశాక సుగుణ గారు లేచి టీ పెట్టారు. నాకు కప్పు అందిస్తూ, "ఇంగ్లీషు మస్తు మాట్లాడినవ్ అక్కా. మేడమ్ లాయర్‌ను పెట్టుకున్నా ఆయన గంత మంచిగ చెప్పకపోతుండె" అన్నారు. నవ్వారు కూడా. నేను టీ తాగాను. క్షమాపణ చెప్పలేదు. అది ఎలా చెబుతారో మా ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ తరువాత ఆమె ఫోన్ చేస్తే నేను ఎత్తడం మానేశాను.

ఆమె మానలేదు. వాట్సాప్ మెసేజ్‌లు తెలుగులో ఉండడంతో వాటిని మొదటి విచారణలో ఎవరూ చదవలేదు. స్నేహ చేత ఇంగ్లీషులో రాయించి, ఆ సంగతే చెప్పి పై అధికారులకు అప్పీలు పెట్టుకున్నారు. మళ్ళీ విచారణ జరపమని వారు ఆదేశించారు. ఆ నోటీసు పట్టుకుని ఒక మధ్యాహ్నం తానే మా ఇంటికి వచ్చారు. ఇంతకాలం ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు.

"మళ్ళా పిలుస్తున్నరు అక్కా. ఈసారి చెప్తవా?"

"ఒకసారి నా వల్ల పోయింది కదా. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంకెవరున్నరు? నువ్వేం కొత్తవి చెప్పకు. అన్నం సంగతి చెప్పు. ఎవరిని అడిగి తిన్నమో గంతే చెప్పు."

ముఖం తెలియని మనిషికి, ఫోనులో, నేనొకరి కింద నౌకరీ చేశానని చెప్పాలి. ఆమె అడుగుతున్నది అంతే. ఆమెకు అది చిన్న మాట. నా నోటికి అది ఎలా పలుకుతుందో నాకు తోచలేదు.

"చూద్దాం" అన్నాను.

"చూద్దాం అంటె మీ ఆంధ్రోళ్ళ లెక్కల అవునా, కాదా?" అని నవ్వి, నోటీసు మడిచి సంచిలో పెట్టుకున్నారు. మెట్లు దిగుతూ ఒకసారి చెయ్యి ఊపారు. నేను ఆమెను చూడడం అదే చివరిసారి.

విచారణ తేదీ ఆమె పోయిన ఎనిమిదో రోజున పడింది. ముందురోజు స్నేహ, "ఆంటీ, అమ్మ లేదు కదా, ఇంక ఎందుకు? క్యాన్సిల్ చేసేద్దామా?" అని అడిగింది. సుగుణ గారు బతికున్న వారాలకు రావలసిన భృతి మేరకు అర్జీ నిలిచే ఉంటుందనీ, కుమార్తె మాట్లాడవచ్చుననీ ఆఫీసువాళ్ళు అప్పటికే స్నేహకు చెప్పారు. "మీ అమ్మ క్యాన్సిల్ చేయలేదు" అన్నాను. అదే బల్ల దగ్గర కూర్చున్నాం. నా ఎదురుగా ఈసారి స్నేహ ఉంది. అధికారి ఆయనే. రాకపోకల వేళలు ఎవరు నిర్ణయించేవారని అడిగారు. యజమానురాలు అని చెప్పాను.

"కిందటిసారి మీరు ఎవరినీ అనుమతి అడగలేదన్నారు."

"నేను అడగలేదు. సుగుణ గారు అడిగేవారు, నా కోసం కూడా. అడగకపోతే అన్నం లేదు. ఆమె అడగడం మొదలుపెట్టేదాకా నేను తినలేదు."

అవతల టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

"అంటే మీరు ఆమె కింద పనిచేశారా?"

"పనిచేశాను. ఇద్దరం చేశాం. ఆవిడ మాకు యజమాని. మేము ఆవిడ నౌకర్లం."

ఈసారి మేడమ్‌కు చాలా ప్రశ్నలు ఉన్నాయి. అన్నింటికీ జవాబు చెప్పాను. స్నేహ బల్ల మీద చేతులు పెట్టుకుని నా నోటివైపే చూస్తూ కూర్చుంది.

తీర్పు ఇంకా రాలేదు. ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మిగిలిన నలుగురిలో ఇద్దరు ఈ వారం నాకు ఫోన్ చేసి, మేమూ పెట్టుకోవచ్చా అని గొంతు తగ్గించి అడిగారు. పెట్టుకోండి, నేను సాక్ష్యం చెబుతానన్నాను. సుగుణ గారు ఉండి ఉంటే వాళ్ళు ఆమెకే చేసేవారు. ఆమె అయితే వాళ్ళను నవ్వించి, భయం పోగొట్టి, చేయి పట్టుకుని కూర్చోబెట్టి అర్జీ నింపించేవారు. నాకు నింపడం మాత్రమే వచ్చు.

సభలూ, సన్మానాలూ ఎరుగని మనిషి. ఎవరి ముందూ తల దించుకోలేదు. అయినా పనిచేసినంతకాలం తల వంచుకునే పనిచేశారు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో మా వంశంలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆమె నేర్పారు. ఆ స్థానంలోకి మరొకరు రారు. ఆమెకు నా నమస్కారం.

ఆమె ఎదుట కూర్చుని, ఆమె చెవిన పడేలా చెప్పవలసిన ఒక్క మాటను, ఆమె పోయిన ఎనిమిదో రోజున, ఒక అధికారికి చెప్పాను. ఆయన రాసుకున్నారు. "థాంక్యూ, మ్యామ్" అన్నారు. లైను కట్ అయింది.