మిద్దెల మీద తెల్ల పంచెలు

ఆ పొద్దున మా మిద్దె మీద ఉన్నవాళ్ళు నలుగురు: నాయన, అమ్మ, పక్కింటి చింతపండు వ్యాపారి, నేను. ఉన్న వస్తువులు: అమ్మ ఎండబోసిన వేరుశనక్కాయలు, నాయన పెట్టెలోంచి తీసిన తెల్ల పంచె, అది గాలికి లేవకుండా నాలుగు మూలలా పెట్టిన రాళ్ళు, నా చేతి గడియారం. నవంబరులో పుంగనూరుకి గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ రోజు కాస్త గట్టిగానే వీస్తోంది. మబ్బు లేదు. విమానాల పని నేర్చుకున్నవాడికి ఆరుబయటికి రాగానే ముందు గాలి, తర్వాత మబ్బు చూసుకోవడం అలవాటైపోతుంది.

మేం ఎదురు చూస్తున్నది అన్న కోసం. అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. కర్ణాటకలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. నేను అదే క్లబ్బు వర్క్‌షాపులో ఇంజన్ల పని నేర్చుకుంటూ సెలవు మీద ఇంటికి వచ్చాను. ఇద్దరు మాత్రమే పట్టే చిన్న విమానాలు అవి, నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవి. ఆ రోజు అన్న మొదటిసారి ఒక్కడే దూరం వెళ్ళాలి. రైలు పట్టాలను చూసుకుంటూ కుప్పం, అక్కడ ఉత్తరానికి తిరిగి మదనపల్లె, మదనపల్లె మీద పడమరకి తిరిగి మళ్ళీ క్లబ్బు. మధ్యలో ఎక్కడా దిగేది లేదు. మ్యాపు మీద కుప్పం నుంచి మదనపల్లెకి గీత గీస్తే పుంగనూరు దానికి కుడివైపు ఏడెనిమిది మైళ్ళలో ఉంటుంది. ఆ కాస్త దూరం పక్కకి వచ్చి ఇంటి మీదుగా పోతానని అన్న దీపావళికి వచ్చినప్పుడు చెప్పిపోయాడు. మిద్దె మీద తెల్ల పంచె పరచండి, గుర్తుపడతానన్నాడు.

నేను ఆ రోజే వద్దన్నాను. అన్న నవ్వి నా తల మీద ఒకటి వేశాడు. "ఒక్క సుట్టేరా. అమ్మ సూస్తే సాలు" అన్నాడు.

క్లబ్బులో మా ఇన్‌స్ట్రక్టరు కొత్తవాళ్ళని విమానాలు నిలిపే హాంగరులో నిలబెట్టి, చిన్న విమానాలు ఎందుకు పడతాయో వరసగా అప్పజెప్పించేవాడు. పెట్రోలు చూసుకోకుండా బయలుదేరడం. పెట్రోల్లో నీళ్ళు చేరడం. తేమ గాలిలో కార్బురేటరు గొంతుకి మంచు పట్టి ఇంజన్ ఆగిపోవడం. దారి తప్పడం, తప్పినట్టు ఒప్పుకోకపోవడం. మబ్బులో దూరడం. కరెంటు తీగలు. దిగేటప్పుడు పక్కగాలి. ఇవన్నీ మామూలు గొంతుతో చెప్పేవాడు. తెలిసినవాళ్ళ ఇంటి మీద కిందికి దిగి చక్కర్లు కొట్టడం గురించి చెప్పేటప్పుడు మాత్రం మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ చెప్పేవాడు.

ఎందుకంటే అందులో ఇంజన్ తప్పు ఉండదు. గాలి రెక్కల మీదుగా తగినంత వేగంగా పారినంతసేపే విమానం పైన నిలుస్తుంది. మా విమానం వంగకుండా తిన్నగా పోయేటప్పుడు వేగం నలభై మైళ్ళకి తగ్గేదాకా నిలుస్తుంది. ఒక పక్కకి బాగా వంచి గుండ్రంగా తిప్పితే రెక్కలు మోయాల్సిన బరువు రెట్టింపవుతుంది, యాభై ఆరు మైళ్ళ దగ్గరే రెక్క గాలిని వదిలేస్తుంది. దాన్ని స్టాల్ అంటారు. ఎత్తులో ఉంటే ముక్కు కిందికి దించి వేగం అందుకుంటే సరిపోతుంది. వెయ్యడుగులు ఉంటే బతకొచ్చు. మూడు వందలైతే కుదరదు. ఇంకో మోసం కూడా ఉంది. వెనకగాలి తోసేటప్పుడు కింద నేల వేగంగా పరిగెత్తినట్టు కనిపిస్తుంది. కిందికే చూస్తున్నవాడు తను వేగంగా ఉన్నాననుకుని ఇంజన్ తగ్గిస్తాడు.

కుప్పంలో మా మేనమామ రైల్వేలో పని చేసేవాడు. అన్న విమానం స్టేషను మీదుగా పోగానే ఆయన మా వీధి మొదట్లో ఉన్న బట్టల అంగడికి ట్రంక్ కాల్ చేశాడు. వీధి మొత్తానికి ఫోను అదొక్కటే. ఆ సమయానికి అంగట్లో కూర్చుని ఉన్న చింతపండు వ్యాపారి ఆ కబురు మోసుకుని మా ఇంటికి వచ్చాడు. దారిలో ప్రతి గడప ముందూ ఆగి చెప్పుకుంటూ వచ్చాడని మాకు తర్వాత తెలిసింది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. దేవుడి ఊరేగింపు వస్తే ఏ గడపా ఊరకే ఉండకూడదు. ముగ్గు వేయాలి, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడాలి. ఒక ఇంటివాళ్ళు చేసి పక్కింటివాళ్ళు చేయకపోతే అది ఏళ్ళ తరబడి మాట. మా మిద్దె మీద పంచె పరిచింది చూసి వీధివాళ్ళకి ఆ పద్ధతే గుర్తుకొచ్చింది. మన వీధి పిల్లోడు ఆకాశంలో వస్తాంటే మన మిద్దె ఊరకే ఉంటే ఎట్లా అనుకున్నారు. నేను దక్షిణం వైపు చూస్తూ నిలబడి, ఒకసారి వెనక్కి తిరిగేసరికి ఎదుటి వరసలో ఆరు మిద్దెల మీద తెల్ల పంచెలున్నాయి. మా వరసలో ఇంకా ఎక్కువ. పంచె లేనివాళ్ళు దుప్పటి పరిచారు. మా మిద్దెలన్నీ గోడకి గోడ ఆనుకుని, ఒకే ఎత్తులో, ఒకే సున్నంతో ఉంటాయి. పైనుంచి చూసేవాడికి మా ఇల్లు ఏదో తెలిసే దారి లేదు.

అంతలో ఇంజన్ మోత వినపడింది.

మొదటి చుట్టు ఎనిమిది వందల అడుగుల ఎత్తులో వచ్చాడు. వీధి పొడుగునా పోయి, ఊరి చివర తిరిగాడు. మంచి తిప్పు. జనం చేతులూపుతూ అరుస్తున్నారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను ఇంజన్ మోతే వింటున్నాను. ఎక్కడా తడబాటు లేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఎత్తు అయిదు వందలు. విమానం ఎడమకి వంగి ఉంది, కిటికీలో అన్న తల కిందికి తిరిగి ఉంది. వెతుకుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

నేను పిట్టగోడ దూకి పక్క మిద్దె మీదికి పోయి అక్కడి పంచె లాగేశాను. తర్వాతి మిద్దె మీద దుప్పటి లాగేశాను. మా పంచె ఒక్కటే మిగిలితే అన్నకి కనిపిస్తుంది, ఒకసారి నేరుగా మా మీదుగా పోయి మదనపల్లె దారి పడతాడు. అంతకుమించి ఆలోచన లేదు. మూడో మిద్దె మీద చింతపండు వ్యాపారి తమ్ముడు పంచె రెండో కొస పట్టుకుని వదల్లేదు.

"యాలప్పా పీకుతాండావు? మీ అన్న నీకొక్కడికేనా?"

తీసేయండి, ఇల్లు తెలీక కిందికి వస్తాండాడు అని నేను అరిచాను. ఎదుటి మిద్దె మీంచి ఎవరో, తమ్ముడికి కడుపుమంటలే, వాడు ఇంజన్లు తుడిసేవాడు గదా అన్నారు. నవ్వులు. విమానం మోతలో నా మాటలు నాకే సరిగ్గా వినపడలేదు. నేను ఆ పంచె వదిలి నాలుగో మిద్దెకి దూకాను. అక్కడ ఒక ముసలామె తన పంచె మీద కూర్చుని ఉంది, గాలికి పోకుండా. ఆమెని లేపడం నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగి, అమ్మా, సెయ్యి ఊపొద్దు అని అరిచాను. ఊపకపోతే తనెవరో కొడుకుకి ఎలా తెలుస్తుందని అమ్మ ఇంకా గట్టిగా ఊపింది.

మూడో చుట్టు మూడు వందల అడుగులు, అంతకంటే తక్కువేమో. ఈశాన్యం నుంచి వచ్చాడు, గాలి వెనక నుంచి తోస్తోంది. ఇంజన్ మోత తగ్గింది. ఆగలేదు, అన్నే తగ్గించాడు. ఎడమ రెక్క దాదాపు నేల వైపు చూపిస్తోంది. నేను ముక్కు దించన్నా, ముక్కు దించు అంటున్నాను, అరవడం కూడా లేదు, ఊరకే అంటున్నాను. రెక్క ఒకసారి వణికింది. తర్వాత విమానం ఎడమకి మెలిక తిరిగి మిద్దెల అవతలికి పోయింది. చప్పుడు చిన్నదే.

ఊరి అంచున మల్బరీ తోటలో పడింది. నేను పోయేసరికి జనం చుట్టూ చేరారు. పెట్రోలు కారుతోంది. బీడీలు పారేయమని చెప్పి, లోపల చెయ్యి పెట్టి పెట్రోలు వచ్చే కుళాయి కట్టేసి, స్విచ్‌లు ఆపాను. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. అన్నకి తెలివి ఉంది. నడుం కింద ఏదీ కదలడం లేదు. సంతకి టమాటాలు దించి ఖాళీగా నిలబడిన లారీలో గడ్డి వేసి, దుప్పట్లు వేసి పడుకోబెట్టాం. ఆ దుప్పట్లు మిద్దెల మీంచి తెచ్చినవే. మదనపల్లె పెద్దాసుపత్రికి పోనివ్వమన్నాం.

లారీలో అన్న తల నా ఒళ్ళో ఉంది. గుంతల్లో లారీ ఎగిరినప్పుడల్లా నాయన డ్రైవరు క్యాబిన్ మీద అరచేత్తో కొట్టి మెల్లగా అంటున్నాడు, మళ్ళీ వెంటనే, ఆలస్యమైతాంది, బిన్నె పోనీ అంటున్నాడు. సగం దారిలో అన్న కళ్ళు తెరిచాడు.

"మన మిద్దె యాడుండాదిరా?"

ఈడే ఉండాదన్నా, దగ్గరికొచ్చేసినాం అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాలని చూశాడు.

"యాడ సూసినా పంచెలే" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయారు. మమ్మల్ని బయట వరండాలో కూర్చోమన్నారు. డాక్టరు ఒకసారి వచ్చి రక్తం కావాలన్నాడు, నాదీ నాయనదీ తీసుకున్నారు. నాయన దూది అదిమిపెట్టుకున్న చెయ్యి మడిచి గోడకి ఆనుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఇంజన్ ఆగిపోయింది గదా?"

ఆయన ఏ జవాబు కోసం అడుగుతున్నాడో నాకు తెలుసు. వీధిలో అందరూ అప్పటికే ఆ మాటే అనుకుంటున్నారు. కానీ ఆ ఇంజన్ నేను విప్పి కట్టిన ఇంజన్, దాని మోత చివరిదాకా విన్నాను.

"లేదు నాయనా. ఇంజన్ బాగుండాది."

"మరి యాల పడినాడు?"

ఎత్తు తక్కువ, వేగం తక్కువ, బాగా వంచి తిప్పినాడు అని చెప్పాను. నాయన అర్థం చేసుకోవాలని చూశాడు. కుడి చేత్తో గాలిలో ఒక వంపు తిప్పి చూసుకున్నాడు.

"యాల తిప్పినాడు?" అన్నాడు.

నేను చొక్కాకి అంటుకున్న లారీ గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసి పారేశాను. నాయన గాలిలో ఉన్న ఆ చెయ్యి దించేశాడు. ఇంక నన్నేమీ అడగలేదు. ఆ రోజే కాదు, ఇప్పటిదాకా అడగలేదు.

అమ్మ, కుప్పం మేనమామ సాయంత్రానికి వచ్చారు. అప్పటికి అన్న లేడు.

వారం తర్వాత విచారణకి ఒక అధికారి వచ్చాడు. మల్బరీ తోటలో కొలతలు తీసుకున్నాడు, పెట్రోలు చూశాడు, ఇంజన్ విప్పించి చూశాడు. దేనిలోనూ లోపం లేదు. నన్ను మిద్దె ఎక్కించి, విమానం ఎటునుంచి ఎటు పోయిందో చూపించమన్నాడు. చూపించాను. పంచెల సంగతి కూడా మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, పాపం అన్నాడు, కానీ రాసుకోలేదు. రిపోర్టులో కారణం దగ్గర ఆయన రాసింది, అనుమతి లేకుండా తక్కువ ఎత్తులో తిరుగుతూ స్టాల్ కావడం. అది తప్పని నేను అనను. మా ఇన్‌స్ట్రక్టరు చెప్పించిన వరసలో ఉన్నదే అది.

కింద పైలట్ అనుభవం రాయడానికి ఒక చోటు ఉంది. అక్కడ ఆ రోజుది కూడా కలిపి అన్న ఒంటరిగా ఎగిరిన సమయమంతా రాశారు. పద్దెనిమిది గంటల పది నిమిషాలు.