బంద్ నాడు నేర్చుకున్న ఫ్లిక్

మా టీమ్ లీడ్ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులవి. బంద్ నాడు మాదాపూర్‌లోని మా ఆఫీసు మూసేస్తే, దానికి బదులుగా శనివారం పని చేయించేవారు. పని అయ్యాక అందరం గచ్చిబౌలిలో ఒక మైదానానికి వెళ్ళి, పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్క్‌ను విసురుకుంటూ చివరి గీత అవతల ఉన్న మనవాడికి అందించే ఫ్రిస్బీ ఆట ఆడేవాళ్ళం. లీడ్ తనకు కావలసినవాళ్ళను ముందే ఏరుకునేవాడు. వేరే ఆఫీసులతో పోటీలకు వెళ్ళేది ఆయన జట్టే. అందులో చోటు కోసం నేను చచ్చేంత ఆశపడ్డాను.

ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా. నేను ఇక్కడి పిల్లను, ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు. "మీరు విసిరితే అది ఎటు పోతుందో మీకే తెలీదండీ. అచ్చం మీవాళ్ళ బంద్ లాగానే. ఆ బంద్‌ల వల్లే కదా మాకీ శనివారం ఖర్మ!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆగు, నీ పని చెప్తా అనుకున్నాను.

నిజానికి నాకు ఎడమవైపు నుంచి విసరడం ఒక్కటే వచ్చు. అటు అడ్డం నిలబడితే నా ఆట కట్టు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే కుడివైపు నుంచి విసిరే ఫ్లిక్ నేర్చుకోవాలని పట్టుపట్టాను.

తర్వాతి బంద్‌కు హఫీజ్‌పేట్‌లో మా కాలనీవాళ్ళు వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీదే పొయ్యి, నడిరోడ్డు మీదే భోజనాలు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అంత ఖాళీ రోడ్డు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? డిస్క్ తెచ్చి అమ్మను ఎదురుగా నిలబెట్టాను.

"ఏందే ఇది, గంజు మీద మూత లెక్కుంది? జర చూసి ఇసురు, పప్పుల పడుతది!" అంది.

రెండు వేళ్ళు అంచు లోపలికి ఆనించి, బొటనవేలు పైన నొక్కి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టి విసిరాను. గింగిరాలు కొట్టి కూలబడింది. బలమంతా భుజంలో పెడుతున్నాను, కోపం కదా మరి! మణికట్టును ఒక్కసారి విదిలిస్తే గానీ అది గిర్రున తిరగదని, తిరిగితే గానీ నిలకడగా పోదని మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. ఇక ప్రతి బంద్‌కూ అదే పని. లీడ్ మొహం తలుచుకుంటే చెయ్యి నొప్పి కూడా తెలిసేది కాదు.

చెయ్యి కుదిరాక వచ్చిన శనివారం, లీడ్ ఎప్పటిలాగే నా ఎడమవైపు అడ్డం నిలబడి నవ్వుతున్నాడు. నేను కుడివైపు అడుగేసి విదిలించాను. ఆయన చెయ్యి చాచేలోపే డిస్క్ దూసుకుపోయి చివరి గీత అవతల మావాడి చేతిలో పడింది.

"ఏదో గాలివాటం అండీ," అన్నాడు.

మళ్ళీ అటే వేశాను. మూడోసారి ఆయన కుడివైపు దూకాడు. నేను ఎడమ నుంచి వేశాను. బొక్కబోర్లా పడ్డాడు. అబ్బ, ప్రాణానికి ఎంత హాయిగా ఉండిందో!

ఆట అయ్యాక చొక్కా దులుపుకుంటూ నా దగ్గరికొచ్చి, అందరూ వింటుండగానే, "వచ్చే వారం పోటీ ఉందండీ. మీరు మా జట్టులోకి వచ్చేయండి," అన్నాడు.

అన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే.

"నేను రాను సార్," అన్నాను. "మీకు ఎదురుగనే ఆడుత."