ఇతరులంటే ఎవరమ్మా?

దస్తావేజులు రాసే హద్దుల బాబాయికి లోకంలో ఒకే ఒక్క మాటంటే ఒళ్ళు మంట. ఆ మాట "ఇతరులు". ఇల్లు అమ్మినా కొన్నా కాగితంలో నాలుగు హద్దులూ రాయాలి కదా! తక్కిన లేఖరులు "తూర్పు: ఇతరుల ఇల్లు" అని గీకేసి చేతులు దులుపుకుంటారు. ఈయన మాత్రం పనిగట్టుకుని ఆ పక్కింటికి వెళ్ళి తలుపు తట్టేవాడు.

"ఇల్లు కట్టిందెవరు? తలుపు రంగేమిటి?"

"అమ్మేది మేం కాదండీ, పక్కవాళ్ళు!"

"తెలుసు. మీరు తూర్పు. చెప్పండి."

అదంతా టైపు కొట్టే ఖర్మ టైపిస్టమ్మది. "ఇల్లు అరపేజీ, హద్దులు మూడు పేజీలూనా బాబాయిగారూ? నలుగురూ నవ్విపోతారు!" అని పదహారేళ్ళుగా సణుగుతూనే ఉంది. ఒకసారి విసుగెత్తి, గుట్టుచప్పుడు కాకుండా "ఇతరులు" అని కొట్టేసింది. ఆయన ఆ కాగితాన్ని పర్రున చించేశాడు.

"ఇతరులంటే ఎవరమ్మా? వాళ్ళకి అమ్మానాన్నా పేరు పెట్టలేదా?"

ఇంట్లోనూ అదే వరస. భార్యకు ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "ఉత్తరాన తలనొప్పి, దక్షిణాన మోకాళ్ళు, మధ్యలో నా మీద కోపం" అనేవాడు.

ఆ ఏడు వానలతోపాటే టైపిస్టమ్మ ఉండే సందుకు నోటీసు వచ్చింది. ఊరందరిదీ ఒక ప్రార్థన అయితే ఆ సందులోని పందొమ్మిది ఇళ్ళవాళ్ళది ఇంకొకటి. నెలలోగా ఇళ్ళ కాగితాలు చూపాలి, లేదా ఖాళీ చెయ్యాలి. చూపడానికేముంది? తాతలనాటి దస్తావేజులన్నీ ప్రార్థనామందిరం పక్కగదిలో దాచుకుంటే, పాత గొడవల్లో ఎవరో ఆ గదికి నిప్పు పెట్టారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న నకళ్ళు చెదలపాలయ్యాయి. "నేను పుట్టిన గదికి కాగితమేమిటే?" అని మంచంలోంచి తల్లి అడుగుతుంటే, టైపిస్టమ్మ సామాన్లు మూటలు కట్టడం మొదలుపెట్టింది.

విచారణ రోజున హద్దుల బాబాయి తడిసిన గొడుగుతో, రెండు గోనెసంచులతో దిగాడు.

"ఏమిటండీ ఇవి?" అన్నాడు అధికారి.

"ఆ సందు చుట్టూ ఉన్న ఇళ్ళకి నేను రాసిన దస్తావేజుల నకళ్ళు. నలభై ఏళ్ళవి. అమ్మాయ్, చదువు."

టైపిస్టమ్మ చదివింది. "పడమర: గడియారాలు బాగుచేసే ఆయన స్వార్జితంతో కట్టి, కూతురికిచ్చిన ఇల్లు. పచ్చ తలుపు. పెరట్లో జామచెట్టు..." అది తన తల్లి ఇల్లే. సణుక్కుంటూ తన చేత్తో కొట్టిన కాగితమే. కింద పక్కింటివాళ్ళ సంతకాలున్నాయి. అలా వెతికితే పందొమ్మిది ఇళ్ళలో ఒక్కటీ తప్పిపోలేదు.

"ఆ గది కాలినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు," అన్నాడు హద్దుల బాబాయి నేల చూపులు చూస్తూ. "వీధిలో నిలబడి చూశాను. ఆర్పడానికి భయమేసింది సార్. ఆ తర్వాత నా చేతనైంది ఇదొక్కటే."

అధికారి ఆ కాగితాలన్నీ తిరగేశాడు. తర్వాత నోటీసు రద్దు చేస్తూ గుమాస్తాతో రాయించసాగాడు. "అర్జీదారులు టైపిస్టు, మరియు ఇతరులు..."

హద్దుల బాబాయి కుర్చీ కిర్రుమంది. కానీ ఆయన కంటే ముందే టైపిస్టమ్మ లేచింది.

"ఇతరులంటే ఎవరు సార్?"

వెనక బల్లల మీంచి సందు సందంతా బిలబిలమంటూ లేచి, తాతల పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టింది. గుమాస్తా నెత్తి కొట్టుకుని ఇంకో దస్తా కాగితాలు తెప్పించాడు.