హాల్లోనే ఉంటుంది ఆ టబ్బు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పై అంతస్తులో ఉండే నర్సమ్మ.

నిజాంపేటలో మా చర్చి సంఘం వాళ్ళ ఇళ్ళలో శుక్రవారం సాయంత్రాలు వంతులవారీగా ప్రార్థన కూడిక జరుగుతుంది. కింద కూర్చోవడానికి అందరికీ కలిపి ఒకటే పెద్ద జంఖానా. ఒక ఇంట్లో కూడిక అయ్యాక దాన్ని చుట్టి, తరువాతి వంతు వాళ్ళింటికి పంపుతాం. మా ఇంటి నుంచి వెళ్ళినదాన్ని, సంఘంలో అందరికీ పెద్దదిక్కయిన పెద్దమ్మగారి హాల్లో విప్పారు. ఆ వారమంతా జ్వరంతో పడుకుని ఇంట్లో ఏదీ చూసుకోలేదు, కూడికకూ వెళ్ళలేదు. కూడిక అవగానే నర్సమ్మ తిన్నగా మా గుమ్మంలోకి వచ్చింది.

“అక్కా, జర కూసో. నీ పిల్లి జంఖానా మీద ఉచ్చ పోసింది.”

“మా వాడా? ఇసుక టబ్బులో తప్ప పోయడే!”

“పోయడంటే ఎట్లక్కా? కంపుకు పాట మధ్యల లేచి కిటికీలన్నీ తెరిచిన్రు. పెద్దమ్మ అయితే ముక్కు మూసుకునే ఆమేన్ అన్నది.”

తనే ముందు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా ఆయన హైటెక్ సిటీ ఆఫీసులకు క్యాబు నడుపుతారు. ఒక వానరోజు పార్కింగులో కారు బానెట్ కింద అరుపు విని, చెయ్యి పెట్టి తీసి, అన్నం డబ్బా సంచిలో వేసుకుని తెచ్చిన పిల్లి అది. దేవుడు అడగకుండా ఇచ్చిన దానికి ఎక్కువ కృతజ్ఞత చెప్పాలని మా అమ్మ అనేది. అలాగే చెప్పుకున్నాను. వాడూ మొదటి రోజు నుంచే టబ్బులో పోసి, ఇసుకతో శుభ్రంగా కప్పేవాడు. అలాంటివాడు ఇప్పుడు దుప్పటి మీద, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద, చివరికి మా ఆయన యూనిఫాం మీద కూడా మొదలుపెట్టాడు.

పెద్దమ్మగారు ఫోను చేశారు. “అమ్మాయ్, మీ వంతు మళ్ళీ వస్తోంది. ఈలోగా ఆ జంతువును వదిలించుకో. లేకపోతే మీ ఇంట్లో కూడిక ఉండదు. బడి మొహం చూడనిదానివి, నలుగురిలో మర్యాద నీకేం తెలుస్తుందిలే.”

“మా అమ్మ ఇంట్లో పలక మీద నేర్పింది నిజమేనండీ. సంగతేమిటో అడగకుండా శిక్ష వెయ్యకూడదని కూడా ఆ పలక మీదే నేర్పింది” అన్నాను. ఆవిడ ఫోను పెట్టేశారు.

మా ఆయన యూనిఫాం మూడోసారి ఉతుక్కుంటూ మెల్లగా అన్నారు. “రేపు బాలానగర్ వైపు ట్రిప్పుంది. అక్కడ షెడ్ల దగ్గర వదిలేస్తా. ఎలుకలుంటాయి, బతికేస్తాడు.”

“కారు కింద నుంచి తీసింది లారీ కింద పెట్టడానికా? వాడు వెళ్తే నేనూ ఆ షెడ్లోనే దిగుతాను. ఇద్దరికీ కలిపి వెయ్యండి ట్రిప్పు.”

మర్నాడు ఆయన ఆ ట్రిప్పుకు ఒక్కరే వెళ్ళారు.

నర్సమ్మ మాత్రం, “ఫికర్ చెయ్యకు. మొదలు దవాఖానకు తీస్కపోదాం. మూత్రంల మంటుంటే మనుషులు చెప్తరు, ఇది ఎట్ల చెప్తది?” అంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్ర మానుకుని, పిల్లి బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూకట్‌పల్లి దాకా ఆటోలో నాతో వచ్చింది. పశువుల డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, పరీక్ష చేయించాడు. జబ్బేమీ లేదన్నాడు. “ఇంట్లో ఏం మార్చారమ్మా?”

“ఏమీ మార్చలేదండీ.”

ఇంటికొచ్చి బట్టలారెయ్యబోతే బాల్కనీ తలుపు కింది భాగం కనిపించింది. చెక్క మీద గోళ్ళ గీతలు, లోపలివైపు. అప్పుడు అర్థమైంది. హాల్లో కిటికీ కింద ఉండే టబ్బును, కూడికకు వచ్చేవాళ్ళు చూస్తారని, మా వంతు రోజున ఫినాయిలుతో కడిగి బాల్కనీలో పెట్టి తలుపు వేశాను. హాలు బాగుందనిపించి అక్కడే ఉంచేశాను. తలుపు గీకి గీకి, తెరిచేవాళ్ళు లేక, వాడు చుట్టి పెట్టిన జంఖానా చూసుకున్నాడు. తరువాత తలుపు తెరిచినా ఆ ఫినాయిలు కంపులోకి అడుగు పెట్టలేదు. వాడికి మర్యాద తెలియకపోవడం కాదు. మా మర్యాదకు వాడు చోటు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

టబ్బును వట్టి నీళ్ళతో కడిగి, కొత్త ఇసుక పోసి, కిటికీ కింద పెట్టాను. వాడు వాసన చూశాడు, చుట్టూ తిరిగాడు, వెళ్ళిపోయాడు. మర్నాడు టబ్బులో చిన్న ఇసుక కుప్ప కనిపించింది. మోకాళ్ళూని స్తోత్రం చెప్పుకున్నాను.

మా వంతు వచ్చింది. జంఖానా ఉతికి, ఎండలో ఆరేసి పరిచాను. ఫోనులో అన్నట్టు కూడిక ఆగలేదు గానీ, పెద్దమ్మగారు గుమ్మంలోనే ఆగారు.

“ప్రార్థన జరిగే చోట పిల్లి దొడ్డి పెట్టావా? తియ్యి ముందు.”

“తియ్యనండీ. పశువుల పాకలో పుట్టినాయనకు ఈ వాసన కొత్తేం కాదు. ఆయన వచ్చి కూర్చుంటాడు. మీరూ కూర్చోండి.”

వెనకున్నవాళ్ళూ గుమ్మం బయటే నిలబడ్డారు. నర్సమ్మ ఒక్కతే లోపలికొచ్చి, జంఖానా మీద టబ్బు పక్కనున్న మూలను చూసుకుని కూర్చుంది. “ఇక్కడ గాలి మంచిగుంది” అంది. ఆమె వెనక ఒకరూ ఇద్దరూ వచ్చారు. చివరికి పెద్దమ్మగారు కూడా వచ్చి, దూరంగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నాక వాడు మంచం కింద నుంచి వచ్చి, టబ్బులోకి దిగి, చరచరా ఇసుక గీకాడు. ప్రార్థన తడబడింది. నర్సమ్మ గొంతెత్తి పాట అందుకుంది. వాడి పని అయ్యేదాకా ఆపలేదు.

జంఖానా పొడిగా చుట్టి పంపాను. టబ్బు ఇప్పటికీ హాల్లోనే ఉంది. రాదలచుకున్నవాళ్ళు వస్తున్నారు.

నర్సమ్మకు మాత్రం ఇప్పుడు అన్నీ రాత్రి డ్యూటీలే, కూడికకు రాలేకపోతోంది. జంఖానాలో ఆ మూల ఆమెకే వదిలి కూర్చుంటున్నాం. ఇది చదివినవాళ్ళు ప్రార్థన చేసేవాళ్ళయితే అందులో, కాకపోతే మనసులో, వార్డులో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన ఆ మనిషిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.