పీత చెప్పుల కథ చెప్పిన ఆదివారం

దయ్యం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మంట. బందరులో మా పుట్టింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఒకరు తాయెత్తు కట్టమనేవారు, ఇంకొకరు దర్గాకు తీసుకెళ్లమనేవారు. నేను మాత్రం మాత్ర మింగి ముసుగు తన్ని పడుకునేదాన్ని. ఇప్పటికీ అంతే. ఇది చదివి మెహరున్నీసాకు కూడా మతి పోయిందనుకునేవాళ్లు అనుకోండి, నాకేం నష్టం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాగాయలంక దగ్గర ఒక ఊళ్లో లైబ్రరీ చూసుకుంటాను. మాకు శుక్రవారం సెలవు, ఆదివారం పని. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని కూర్చోబెట్టి కథ చెబుతాను. బొమ్మలు కనపడాలని పుస్తకం వాళ్లవైపు తిప్పి పట్టుకుంటాను. అందుకని ముందురోజే ఇంట్లో రెండు మూడుసార్లు చదువుకుని వస్తాను. చెప్పేటప్పుడు అక్షరం చూడను.

వచ్చేవాళ్లలో దుర్గ పెద్దది, ఏడో తరగతి. బొమ్మల పుస్తకాల వయసు దాటి, పెద్దపిల్లల నవలలు వారానికి రెండు పట్టుకెళ్లేది. అయినా కథకు వచ్చి ముందు వరసలో కూర్చునేది. వాళ్లమ్మ నాగమణి గంపలో చేపలు అమ్ముతుంది. నాన్న వేటకు వెళ్తాడు, వెళ్లని రోజు తాగుతాడు, తాగితే పెళ్లాన్ని కొడతాడు.

ఒకసారి దుర్గ చేతిలోని మా పుస్తకాన్ని లాక్కుని రెండుగా చింపేశాడు. నాగమణి దాన్ని వల దారంతో కుట్టి తెచ్చింది. "తప్పైపోయిందండీ మేడమ్ గారూ, బిడ్డకి పుస్తకాలు మాత్రం ఆపకండి" అంది. ఆమె మెడ మీద వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. పోలీసుల దగ్గరికి పదమన్నాను. "వద్దులెండి, సముద్రం మీదకి వెళ్తే ఆయనే చల్లబడతాడు" అంది. నేనూ ఊరుకున్నాను. అదీ నా తెలివి.

ఆ ఆదివారం చెప్పింది కొత్త పుస్తకం. కట్ట విప్పి మూడు రోజులే అయింది, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఒక పీత చెప్పులు కొనుక్కోవడానికి సంతకు వెళ్తుంది. ఎనిమిది కాళ్లకూ ఎనిమిది చెప్పులు కావాలని కూర్చుంటుంది. కొట్టువాడు తల పట్టుకుంటాడు. ఇంట్లో చదివినప్పుడే నాకు నవ్వాగలేదు.

పీత ఆరో కాలు చాపింది అని చెబుతుండగా ఒక చిన్నపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఇంకొకడు చెవులు మూసుకున్నాడు. పన్నెండు మంది పిల్లలు, ఒక్కరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పీతకు చెప్పులు తొడిగితే ఈ ఏడుపేమిటని నాకు చిర్రెత్తుకొచ్చింది.

దుర్గ లేచింది. "మా అమ్మని చంపేస్తన్నాడు!" అని తలుపు వైపు దూకింది.

కథ ఆపి దాని చెయ్యి పట్టుకున్నాను. "కూర్చోవే! ఎవరు ఎవర్ని చంపుతున్నారు?" అని కసిరాను. అది నా మణికట్టు మీద నెత్తురు వచ్చేలా కొరికింది. నేను వదిలేసరికి పరుగు తీసింది. నాకు అప్పుడు భయం పుట్టింది. వెనకే పరుగెత్తాను.

వాళ్ల ఇల్లు కాలవ గట్టు అవతల, కిలోమీటరు పైనే ఉంటుంది. నేను ఆయాసపడుతూ చేరేసరికి దుర్గ రాయితో తలుపు బాదుతోంది. లోపల గొళ్లెం పెట్టి ఉంది. దెబ్బల చప్పుడు, నాగమణి కేకలు. వాకిట్లో ఇరుగుపొరుగు నలుగురు నిలబడి చూస్తున్నారు.

"రోజూ ఉండేదేగా మేడమ్ గారూ" అన్నాడొకాయన. "ఇయాల చాలాసేపు ఆమె నోరే మెదపలేదు. ఇప్పుడే మొదలెట్టింది."

"నోర్మూసుకుని తలుపు తన్నవయ్యా!" అన్నాను. ఆయనా తన్నాడు, నేనూ తన్నాను. గొళ్లెం ఊడింది.

గోడ మీద నెత్తురు, ఆ నెత్తురుకు అంటుకుని జుట్టు. పడవ తెడ్డు రెండు ముక్కలైంది. విరిగిన ముక్కతో వాడు ఇంకా కొడుతూనే ఉన్నాడు. నాగమణి ఎడమ కన్ను నెత్తుటి ముద్ద, మోచెయ్యి వెనక్కి వంగిపోయి ఉంది. దుర్గ చేతిలో రాయి అలాగే ఉంది. దాంతో వాడి మూతి మీద కొట్టింది. పళ్లు ఊడి కింద పడ్డాయి. మళ్లీ కొట్టింది. నిజం చెబుతున్నాను, ఆపబుద్ధి కాలేదు నాకు. పక్కింటాయన వాడిని విరిచి పట్టుకున్నాక నాగమణిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

మర్నాడు ఇద్దరు తల్లులు లైబ్రరీకి వచ్చి నా మీద విరుచుకుపడ్డారు. "గొళ్లెం పెట్టి, జుట్టు పట్టి గోడకేసి కొట్టి, తెడ్డు విరిగిందాకా బాదే కథలా అండీ పిల్లలకి చెప్పేది?" అన్నారు. నేను చెప్పింది పీత కథ అని ఒట్టేసినా నమ్మలేదు.

పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాను. అందరిదీ ఒకటే మాట. నా నోరే, నా గొంతే. పీత సంతకు వెళ్లిందాకా బాగానే చెప్పానట, తర్వాత ఇది అందుకున్నానట. ప్రతి దెబ్బకూ అరచేత్తో బల్ల మీద కొట్టానట. నా కుడి అరచెయ్యి వాచి ఎర్రగా ఉంది. ఆ తలుపును కాలితో తన్నానే తప్ప చెయ్యి వెయ్యలేదు.

తర్వాత విని కల్పించుకున్నారేమో అనుకున్నాను. కానీ వాళ్లు ఇళ్లకు చేరి తల్లులకు చెప్పేసరికి ఈ సంగతి ఆ వాకిట్లో వాళ్లకు తప్ప ఊళ్లో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ చప్పుడు లైబ్రరీ దాకా వినపడేదీ కాదు.

అయిదో రోజు ఆసుపత్రిలో నాగమణి నాతో మాట్లాడింది. కన్ను పోయింది, ప్రాణం దక్కింది.

"మీ గొంతు వినపడిందండీ" అంది. "ఎవరో పీతంట, చెప్పులు కొనుక్కుంటందంట. ఆడు కొడతానే ఉన్నాడు, నాకు దెబ్బ తెలీలేదండి. నవ్వొచ్చింది కూడాను. ఆరో చెప్పు కాడ మీరు ఆపేశారు. అప్పుడు తెలిసిందండీ నొప్పి."

మంచం పక్కనున్న దుర్గ ముఖం తిప్పుకుంది. నేను కథ ఆపింది దాన్ని పట్టుకోవడానికేగా. ఆ పుస్తకం అప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది, దుర్గ కూడా దాన్ని తెరవలేదు, వాళ్లమ్మకు ఆ కథ చెప్పి ఉంటుందనుకోవడానికీ లేదు.

అంతలో నర్సు కట్లు మార్చడానికి వచ్చింది. నాగమణి నా కొంగు గట్టిగా పట్టుకుంది. "మళ్ళీ చెప్పండి మేడమ్ గారూ. ఈసారి ఆపకండి."

చెప్పాను. మొదటి నుంచి, ఒక్క మాట వదలకుండా. ఏమీ పని చెయ్యలేదు. దూది తగిలినప్పుడల్లా ఆమె కేకలు పెట్టింది. నేను ఏడుస్తూనే చెప్పాను, పీత ఎనిమిది చెప్పులూ తొడుక్కుని ఇల్లు చేరేదాకా చెప్పాను. ఆ ఆదివారం పనిచేసింది ఏమిటో, ఆసుపత్రిలో ఎందుకు పని చెయ్యలేదో నన్నడక్కండి. నాకు తెలియదు.